ఇంటక్క చుట్టాలు

మొన్న మా మనవరాలు హాస్టలు నుంచి సెలవులకు వచ్చింది. అన్నం తింటూ ఊరికే ఎడమ చెయ్యి గోక్కుంటోంది. చూస్తే మోచేతి కింద మూడు దద్దుర్లు, ముగ్గుకు చుక్కలు పెట్టినట్టు ఒకే వరసలో ఉన్నాయి.

"ఏందే అది?" అన్నాను.

"ఏదో అలర్జీ జేజీ. డాక్టరు మాత్రలు రాసిచ్చినాడు."

నేను దాని చెయ్యి వెలుతురులోకి లాగి చూశాను. "అలర్జీ కాదు, పాడూ కాదు. చుట్టాలు," అన్నాను.

పిల్ల నా మొహం వైపు వింతగా చూసింది. ముసలిదానికి మతి తప్పిందనుకుని ఉంటుంది. దాన్ని తప్పు పట్టను. ఆ మాటకు ఆ అర్థం తెలిసినవాళ్లు ఒకప్పుడే గుప్పెడు మంది. ఇప్పుడు నేనొక్కదాన్నే మిగిలినట్టున్నాను. దాని సంచీ, దుప్పటీ, పుస్తకాలతో సహా అన్నీ మిద్దె మీదికి తీసుకుపోయి ఎండలో పరిచాను. ఆ పని చేస్తున్నంతసేపూ ఇంటక్క నా భుజం పక్కనే నిలబడి, "ఆ కుట్టు సందులో సూడమ్మాయ్, ఆడ దాక్కోనుంటారు," అంటున్నట్టే ఉంది.

ఇంటి యజమానురాలు కాబట్టి ఇల్లు, నాకంటే పెద్దది కాబట్టి అక్క. రెండూ కలిపి ఇంటక్క అని నేను మొదలుపెడితే వీధంతా అదే అలవాటు చేసుకుంది. ఆమె అసలు పేరు ఇక్కడ రాయను. నల్లుల సంగతిలో తన పేరు అచ్చయిందని తెలిస్తే ఎక్కడున్నా లేచివచ్చి నా జుట్టు పట్టుకుంటుంది.

నేను పులివెందుల నుంచి ప్రొద్దుటూరికి కాపురానికి వచ్చేనాటికి మనకింకా కర్నూలే రాజధాని. మా ఆయన జిన్నింగు మిల్లులో గుమాస్తా. ఇంటక్క వాళ్ల మట్టిమిద్దెలో వీధివైపు గది మాకు బాడుగకిచ్చారు. కింద నల్లటి నాపబండలు, పైన దూలాలు, దూలాల మీద అడ్డంగా పేర్చిన సన్నటి కొయ్య దంతెలు. వేసవిలో చల్లగా ఉండే ఇల్లని మా ఆయన మురిసిపోయాడు. చల్లదనం మనకొక్కరికే ఇష్టం కాదని ఆయనకు తెలియదు.

కాపురానికి వచ్చిన మరునాడు పొద్దున మెడ మీద, చేతుల మీద దద్దుర్లతో లేచాను. ప్రొద్దుటూరు నీళ్లు పడలేదనుకున్నాను. పెరట్లో తొట్టి దగ్గర మొహం కడుక్కుంటుంటే ఇంటక్క వచ్చి నిలబడింది. సన్నగా, పొడుగ్గా, ఎప్పుడూ కొంగు భుజాల నిండా కప్పుకుని ఉండే మనిషి. గాజులు పైకీ కిందికీ సర్దుకుంటూ, గొంతు తగ్గించి అడిగింది.

"చుట్టాలు పలకరించినారా అమ్మాయ్?"

"లేదక్కా. మా పుట్టింటోళ్లు ఇంకా రాలేదు. వచ్చే వారం వస్తామన్నారు," అన్నాను.

ఆమె నోటికి కొంగు అడ్డం పెట్టుకుని వంగి వంగి నవ్వింది. నవ్వీ నవ్వీ, నా మెడ మీది దద్దును వేలితో తాకి, పైన దంతెల వైపు కళ్లతో చూపించింది. నాకప్పుడు వెలిగింది. "నల్లులా!" అని అరవబోతే నా నోరు మూసేసింది.

"పేరెత్తగాకు. పేరెత్తితే వినుకోని పిల్లాజెల్లాతో దిగబడతారు."

అదీ ఆమెతో నా మొదటి పరిచయం. ఆ రోజు నుంచి ఆ ఇంటి భాష నాకూ వచ్చేసింది. నల్లులంటే చుట్టాలు. వాటి పిల్లలు పిల్లకాయలు. రక్తం తాగి కందిబేడంత ఉబ్బిన ముసలి నల్లి దొరికితే వియ్యంకుడు. మంచం కోడూ పట్టే కలిసే సందులో చీపురుపుల్ల పెట్టి గీకుతూ, "వియ్యంకుడు దొరికినాడమ్మాయ్, ఎంత బాగ తిని తిరగతాండాడో సూడు," అనేది. మంచాన్ని పెరట్లో బండ మీద కుదేసి, కాగే నీళ్లు పోయడాన్ని సాగనంపడం అనేవాళ్లం. "రేపు ఆదివారం, సాగనంపుదామా అక్కా?" అని నేను గోడ ఇవతల నుంచి అడిగితే, "పొయ్యి మీద ఎసరు పెట్టు," అని అటు నుంచి జవాబు వచ్చేది. దారిన పోయేవాళ్లు వింటే ఏమనుకునేవాళ్లో దేవుడికే తెలియాలి.

పేరెత్తితే పెరుగుతాయన్నది పైకి చెప్పే మాట. అసలు సంగతి సిగ్గు. దోమ కుట్టిందంటే ఎవరికీ నామోషీ లేదు. దోమ మురుక్కాలవది, ఊరందరిదీ. నల్లి అట్లా కాదు. అది మన మంచానిది, మన పక్కది. ఫలానా వాళ్లింట్లో నల్లులున్నాయంటే, ఆ ఇల్లాలు ఇల్లు చిమ్మదనీ, పక్కబట్టలు ఉతకదనీ అర్థం. ఇంటక్కేమో రోజుకెన్నిసార్లు చిమ్మేదో ఆమెకే తెలియదు. అయినా ఉండేవి. శుభ్రానికీ నల్లికీ సంబంధం లేదని ఎవరైనా చెప్పినా ఆమె నమ్మేది కాదు. తన చేతిలోనే ఏదో లోపం ఉందని కుమిలిపోయేది.

మా వీధి చివర ఖాదరమ్మ ఉండేది. ఆమెకు ఈ సిగ్గు బాధలేమీ లేవు. మంచాన్ని ఎత్తి నడివీధిలో పడేసి, రోకలిబండతో బాదుతూ, "ఖట్మల్ గాళ్లు సంపుతాండారమ్మా! మీ యిండ్లల్ల గూడా ఉండాయా?" అని అందరినీ కేకేసి అడిగేది. ఇంటక్క ఆ కేక వినగానే తలుపు దగ్గరికి వేసేసేది. "ఎట్ల అడుగుతాదో సూడు, సిగ్గూ యెగ్గూ లేకుండా," అని కసిరేది. నాకు మాత్రం ఖాదరమ్మే హాయిగా ఉన్నట్టు కనిపించేది.

నల్లి కుడితే మంట పుట్టదు. తెల్లారి లేచాక దురద మొదలవుతుంది. గోకినకొద్దీ పెరుగుతుంది, గోకకపోతే ప్రాణం పోతుంది. ఇంటక్క నలుగురిలో గోక్కోవడానికి ఒక ఉపాయం కనిపెట్టింది. మాట్లాడుతూ గాజులు పైకీ కిందికీ తోసేది. చూసేవాళ్లకు ఈమెకు గాజులంటే ఎంత ముచ్చటో అనిపించేది. ఆ గాజుల కింద చర్మం గీరుకుపోయి పొక్కులు కట్టి ఉండేదని నాకు తెలుసు. రాత్రుళ్లు సరిగా నిద్రలేక కళ్లకింద నల్లగా ఉండేది. చిన్నదానికీ పెద్దదానికీ చిరాకు. అన్నంలో నల్ల జీలకర్ర కనిపించినా ఉలిక్కిపడి వేలితో నొక్కి చూసేది.

అన్నిటికంటే ఆమెను క్రుంగదీసింది ఆమె భర్త నిద్ర. ఆయనకు నల్లులు కుట్టినా దద్దు లేచేది కాదు. కొందరి ఒళ్లు అంతే. పొద్దున లేచి ఒళ్లు విరుచుకుంటూ, "నాకేం కుట్టలేదే. నీకే యాడలేని నల్లులు," అనేవాడు. ఒకే మంచం, ఒకే పక్క. ఆయన నున్నగా లేస్తాడు, ఈమె వాతలతో లేస్తుంది. "నాకేమన్నా పిచ్చి పడతాందా అమ్మాయ్?" అని నన్నడిగింది ఒకసారి. ఆయన దిండు తిప్పి చూపించాను. దాని అంచున నల్లటి చుక్కలు, నలిగిన నెత్తుటి చారలు. అప్పుడు గానీ ఆమె ఊపిరి పీల్చుకోలేదు. నల్లుల్ని చూసి ఒక మనిషి అంత ఊరట పడడం నేను మళ్లీ చూడలేదు.

ఇంటక్కకు తల్లి చిన్నప్పుడే పోయింది. అన్న పెంచాడు. సింహాద్రిపురంలో సేద్యం, మంచి భూములు, ఊళ్లో మాట చెల్లే మనిషి. అంతటి మనిషీ ఈమెను ఎత్తుకుని చేలవెంట తిరిగాడట. ఆమెకు వెంట్రుకలు నెరుస్తున్నా ఆయన నోట ఇంకా "పాపా" అనే పిలుపే. శెనక్కాయలు పీకిన తర్వాత ఒకసారి, ఉగాది ముందర ఒకసారి పులివెందులలో బస్సు మారి, నెత్తిన మూటతో ఆయన దిగేవాడు. ఆ మూటలో వేరుశెనగలు, బెల్లం, చెల్లెలికి చీర ఉండేవి. ఆయన వస్తున్నాడని కబురందిన నాటి నుంచి ఇంటక్క నడక మారిపోయేది. పనిలో పనిగా మంచాలన్నీ సాగనంపుడే.

అన్న వస్తే సంతోషం, వదిన వెంట వస్తే దడ. వదిన చెడ్డదని కాదు. కూర్చునే ముందు ప్రతిచోటా కొంగుతో దులిపి కూర్చునే మనిషి. మా ఇంటికొచ్చినా దులిపింది, గుడి అరుగు మీదా దులిపింది. అది ఆమె అలవాటు. ఇంటక్కకు మాత్రం ఆ దులపడం తన చెంప మీద కొట్టినట్టుండేది. "ఆమె కంట్లో ఒక్క చుట్టం పడిందంటే సింహాద్రిపురం, తొండూరు, వేముల, అంతటా చాటింపే," అనేది.

ఒక ఏడు మలేరియావాళ్లు వచ్చారు. ఖాకీ నిక్కర్లు వేసుకుని, పిచికారీలు భుజాన వేసుకుని, ఇల్లిల్లూ తిరిగి గోడలకు డి.డి.టి. కొట్టిపోయారు. దోమలు పోయాయి. నల్లులు పోతాయని ఇంటక్క ఎంతో ఆశ పెట్టుకుంది. వాటికేమో ఆ మందు తిక్క రేపినట్టుంది. పగలనక రాత్రనక దంతెల సందుల్లోంచి బయటపడి గోడల మీద తిరగడం మొదలుపెట్టాయి. మంచం కోళ్ల కింద నీళ్ల డబ్బాలు పెడితే, దూలం మీదికెక్కి అక్కడి నుంచి పక్క మీదికి రాలాయి. ఇంటక్కకు వరసగా ఎన్నో రోజులు నిద్ర లేదు. మాటలో తడబాటు, కళ్లల్లో ఎరుపు. సరిగ్గా అప్పుడే, కబురూ కాకరకాయా లేకుండా, అన్నా వదినా, వదిన పుట్టింట్లో పెళ్లికి బట్టలు కొనేదానికని దిగారు. ప్రొద్దుటూరులో బట్టలు మంచివి.

తమకున్న మంచి మంచం పెరట్లో ఆరుబయట వాళ్లకు వేసి, ఇంటక్క లోపల బండల మీద పడుకుంది. తెల్లారాక నేను పెరట్లోకి వెళితే పొయ్యి దగ్గర కూర్చుని ఉంది. మొహం వాచి ఉంది. నన్ను చూడగానే పట్టలేక బయటపడింది.

"ఈ చుట్టాలతో నా వల్ల కాదమ్మాయ్. రక్తం తాగుతాండారు. కన్ను మూయనిచ్చినారా? ఈ పొద్దు ఎట్లయినా సాగనంపాల. మల్ల ఈ గడప తొక్కకుండా సాగనంపాల."

తొట్టి అవతల వేపపుల్లతో పళ్లు తోముకుంటూ అన్న నిలబడి ఉన్నాడు. ఆయన వెనక చెంబుతో వదిన.

ఆయన పుల్ల పారేశాడు. నీళ్లు పుక్కిలించి ఉమ్మాడు. "సాగనంపే శ్రమ నీకేల పాపా, మేమే పోతాం. బస్సు టయానికుంది," అన్నాడంతే. లోపలికి పోయి సంచి తీసుకున్నాడు.

ఒక్క మాట చాలు. నాలుగక్షరాలు కూడా లేని మాట. నేను ఇంటక్క వైపు చూశాను, చెప్పక్కా అన్నట్టు. ఆమె నోరు తెరిచింది. అప్పుడే వదిన, ఆ దుఃఖంలోనూ అలవాటు ప్రకారం, అరుగు మీద కొంగుతో దులిపి కూర్చుని చెప్పులు తొడుక్కుంది. ఇంటక్క తెరిచిన నోరు మూసుకుంది. గాజులు పైకీ కిందికీ తోస్తూ నిలబడిపోయింది.

వాళ్లు వీధి మలుపు తిరిగాక నేను చెప్పొస్తానని పరుగెత్తబోయాను. నా చెయ్యి పట్టుకుని తన తల మీద పెట్టుకుంది. "నా మీద ఒట్టు. ఎవరికీ చెప్పగాకు. అన్నకు కోపం నాలుగు దినాలుంటాది, పోతాది. ఈ మాట పుట్టిందంటే జన్మంతా ఉంటాది," అంది. నాకు ఒళ్లు మండిపోయింది. ఇప్పటికీ కొంచెం మండుతూనే ఉంది.

నాలుగు దినాల్లో పోలేదు. ఉగాది వచ్చింది, చీర రాలేదు. శెనక్కాయలు పీకారు, మూట రాలేదు. ఆయన కొడుకు పెళ్లికి శుభలేఖ పోస్టులో వచ్చింది, మనుషులు వచ్చి పిలవలేదు. పిలవని పెళ్లికి ఎట్లా పోవాలని ఈమె పోలేదు, పోలేదని వాళ్లు ఇంకా నొచ్చుకున్నారు. నేను పులివెందులకు పుట్టింటికి పోయినప్పుడు మా అమ్మ అడిగింది. "మీ ఇంటామె అన్నకు తిండి పెట్టేది బరువై ఆయన్ను తరిమేసిందంట గదా? పాపం, ఆయన సంతలో ఎవురో అడిగితే 'మా పాప చుట్టాల్ని సాగనంపే రకమప్పా' అని కండ్లనీళ్లు పెట్టుకున్న్యాడంట." ఒట్టు నా నాలుక మీద బండలాగా కూర్చుంది. మా అమ్మ పెట్టిన పాయసం కూడా సహించలేదు.

తిరిగొచ్చి ఇంటక్కకు ఆ మాట చెప్పాను. ఆమె ఏడవలేదు. మరునాటి నుంచి యుద్ధం మొదలుపెట్టింది. నులక మంచాలన్నీ పొయ్యిలో పెట్టేసింది. దంతెల సందులన్నీ సున్నంతో మెత్తించింది. పరుపులు, బొంతలు, ఆఖరికి దేవుడి పటాల వెనక అట్టలు కూడా పీకి కాల్చింది. మొగుడూ పెళ్లాం నాపబండల మీద చాపలేసుకుని పడుకునేవాళ్లు. ఇంటికెవరైనా వస్తే సంచి గడప బయటే పెట్టించేది. దాన్ని ఎండలో దులిపితే గానీ లోపలికి రానిచ్చేది కాదు. సినిమాకు పోతే ఆట మొత్తం గోడకానుకుని నిలబడి చూసేది, కుర్చీల్లో ఉంటాయని. వాళ్లాయన తరఫు బంధువులు ఒకసారి వచ్చి, గడప దగ్గర ఈ సోదా చూసి, మళ్లీ రాలేదు.

నల్లులు నిజంగానే పోయాయి. నేను చీపురుపుల్లతో సందు సందూ వెతికి చూశాను. ఒక్కటీ లేదు. అయినా ఇంటక్క గోకుడు పోలేదు. ఏమీ లేని చేతిని గోక్కునేది. "పాకతాంది సూడమ్మాయ్," అని నా ముందర చెయ్యి చాపేది. ఏమీ ఉండేది కాదు. ఉన్నప్పుడు లేవని దాచింది. లేనప్పుడు ఉన్నాయని నన్ను బతిమాలింది. కొన్నేళ్లు గడిచాయి. ఆ ఇల్లు అద్దంలా ఉండేది. ఇంట్లో మాట వినపడేది కాదు.

ఒకరోజు పులివెందుల బస్సు కండక్టరు మా అమ్మ పంపిన కబురు తెచ్చాడు. ఇంటక్క అన్నకు కడుపులో పుండని జమ్మలమడుగు ఆస్పత్రిలో ఆపరేషను చేశారట. ఇంటక్క ఆ కబురు విని తొట్టి అంచున కూర్చుండిపోయింది. పోతే పొమ్మంటారేమోనని భయం, పోకపోతే ఇంక చూస్తానో లేదోనని భయం. "లెయ్యక్కా, నేనూ వస్తా," అని చెయ్యి పట్టి లేపాను.

బస్సులో సీట్లు ఖాళీగా ఉన్నా ఆమె కూర్చోలేదు. జమ్మలమడుగు దాకా కడ్డీ పట్టుకుని నిలబడే వచ్చింది. కండక్టరు రెండుసార్లు చెప్పి ఊరుకున్నాడు. అప్పుడూ ఆమె బుర్రలో ఏముందో నాకు తెలుసు. అన్న ఒకవైపు, చుట్టాలు ఒకవైపు.

పొడుగాటి వార్డు. ఇనుప మంచాలు వరసగా ఉన్నాయి. అన్న కిటికీ పక్క మంచంలో గోడవైపు తిరిగి పడుకుని ఉన్నాడు. సగమైపోయాడు. వదిన మంచం పక్కన బండ మీద కూర్చుని ఉంది. మమ్మల్ని చూసి లేచింది గానీ పలకరించలేదు.

"అన్నా," అంది ఇంటక్క.

ఆయన ఇటు తిరగలేదు. "ఈడ గూడా చుట్టాల్ని సాగనంపేదానికి వచ్చినావా పాపా?" అన్నాడు గోడతోనే.

ఇంటక్క చేతులు గాజుల మీదికి పోయాయి. నాకు భయమేసింది, మళ్లీ నోరు మూసుకుంటుందేమోనని. అప్పుడు ఆమె కళ్లు దిండు అంచున ఆగాయి. నేనూ చూశాను. కుట్టు వెంబడి మెల్లగా నడుస్తోంది, బాగా తిని ఉబ్బిన వియ్యంకుడు.

ఆమె వంగి రెండు వేళ్లతో దాన్ని పట్టుకుంది. పుల్లతో తప్ప ఎన్నడూ తాకని మనిషి. అన్న మొహం ముందర అరచెయ్యి చాపింది.

"ఇట్ల సూడన్నా. ఇదేంది?"

ఆయన కళ్లు చిట్లించి చూశాడు. "ఏముంది, నల్లి."

"నల్లే. నల్లి అన్నా ఇది!" ఆమె గొంతు వార్డంతా మోగింది. ఆ మాట ఆమె నోట వినడం నాకదే మొదలు. "ఆ పొద్దు నేను సాగనంపాలన్న చుట్టం ఇదే. మేము నల్లుల్ని చుట్టాలనుకుంటాం, సిగ్గుకు. మాయింట్లో నల్లులుండాయని వదిన ముందర చెప్పల్యాకపోయినా. నిన్ను అంటానా అన్నా? నన్ను ఎత్తుకోని పెంచినోనివి, నిన్ను అంటానా?"

పక్క మంచం ముసలాయన మోచేతి మీద లేచి, "ఈ మంచంలో గూడా శానా ఉండాయి తల్లీ," అన్నాడు.

అన్న పూర్తిగా ఇటు తిరిగాడు. "నల్లులకా?" అన్నాడు. "ఇన్నేండ్లూ నల్లులకా పాపా?" ఆయనకు నవ్వు వచ్చింది. నవ్వితే కుట్లు లాగాయి, కడుపు పట్టుకున్నాడు. ఆ పట్టుకోవడంలోనే ఏడ్చాడు.

వదిన నోటి మీద చెయ్యి వేసుకుంది. "నల్లుల్లేని మిద్దె యాడుందమ్మా మన పక్క? మాయింట్లో మంచం కోళ్లకు డబ్బాలు కట్టుకోనే గదా పండుకునేది! నేను దులిపేది గూడా వాటి భయానికే," అంది. నాకు ఆ మంచం కడ్డీకి తల బాదుకోవాలనిపించింది.

అన్న కళ్లు తుడుచుకుని, చెల్లెల్ని తేలిక పరచడానికేమో, పరాచికం ఆడాడు. "అయితే ఇప్పుడు మీ ఇంటికొస్తే నాకు నిద్ర పడుతుందా లేదా? ఎంతమంది ఉండారు చుట్టాలు?"

"ఇప్పుడు మాయింట్లో చుట్టాల్లేరన్నా," అంది ఇంటక్క. "ఒక్కరు గూడా లేరు."

ఆమె చెప్పింది నల్లుల సంగతే. కానీ నోట్లోంచి మాట బయటపడ్డాక ఆమెకే వినిపించినట్టుంది. మొహం ముడుచుకుపోయింది. మంచం పట్టె మీద తల ఆనించింది, ఆ మంచంలో ఎన్ని ఉన్నాయో తెలిసి కూడా. అన్న ఆమె తల మీద చెయ్యి వేశాడు. "వస్తా పాపా. ఈడినుంచి నేరుగా నీ ఇంటికే వస్తా," అన్నాడు.

అన్నట్టే వచ్చాడు. కుట్లు విప్పాక సింహాద్రిపురం పోకుండా, జమ్మలమడుగు నుంచి ప్రొద్దుటూరుకే వచ్చాడు, వదిననూ ఆస్పత్రిలో వాడిన బొంతనూ వెంటబెట్టుకుని. ఇంటక్క గడప దగ్గర సంచి ఆపలేదు, దులపలేదు. బొంతతో సహా లోపలికి తీసుకుపోయింది. మంచం లేని ఇంట్లోకి ఆయన కోసం కొత్త నులక మంచం వచ్చింది.

కొన్నాళ్లకు ఒక ఆదివారం పొద్దున నేను బియ్యం ఏరుకుంటుంటే వీధిలో కేక వినిపించింది.

"చుట్టాలొచ్చినారమ్మాయ్! చుట్టాలొచ్చినారు!"

ఖాదరమ్మేమో అనుకుని బయటికి వచ్చాను. ఇంటక్క. కొత్త మంచాన్ని తనే ఈడ్చుకొచ్చి నడివీధిలో తిరగేసింది. కొంగు నడుముకు దోపుకుని ఉంది, మోచేతి మీద మూడు దద్దుర్లు అందరికీ కనపడుతున్నాయి. "జమ్మలమడుగు నుంచి వచ్చినారు, మా అన్న బొంతలో! రాండి, సూడండి," అని అరుస్తోంది. ఖాదరమ్మ తన గుమ్మంలోంచి, "ఇంగేం, మీ యింట్ల గూడా ఉండాయన్నమాట!" అంది సంబరంగా. అరుగు మీద కూర్చున్న అన్న కడుపు మీద చెయ్యి పెట్టుకుని నవ్వుతున్నాడు. పక్కన వదిన, దులపకుండానే కూర్చుని ఉంది.

నేను మా పొయ్యి మీద కాగిన నీళ్లు పెద్ద బిందెతో తెచ్చి మంచం పక్కన దించాను. "పొయ్యక్కా, సాగనంపుదాం," అన్నాను.

"ఉండమ్మాయ్, ఏం తొందర," అంది. అన్న ఏదో పాత మాట ఎత్తాడు, చేలవెంట ఎత్తుకుని తిరిగిన నాటిది. ఆమె పట్టె మీద ఒక కాలు పెట్టుకుని నిలబడి వింటోంది, మధ్యమధ్యలో అందరి ముందరే చెయ్యి గోక్కుంటోంది. బిందెలో నీళ్లు చల్లారిపోయాయి. నేను మళ్లీ కాగబెట్టుకొచ్చేసరికి కూడా వాళ్లు మాట్లాడుకుంటూనే ఉన్నారు.